తేల్ కబ్ బదలే?

పోయిన వానాకాలం పిల్లలు పట్టుబట్టి కుంటాల జలపాతం చూపించమన్నరు. అమ్మీ కూడా వస్తనన్నది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి, ఆడికెల్లి హైవే మీద నిర్మల్, నిర్మల్ దాటంగనే మహబూబ్ ఘాట్. పొద్దున ఎక్కేటప్పుడు ఏమీ తెలవలేదు. సాయంత్రం దిగేటప్పుడు ముందర లోడు లారీ ఉండె. దాని వెనకాల బ్రేకు మీద కాలు తీయకుంట దిగుతున్న. అట్ల ఓ పది నిమిషాలు అయినంక ఒక మలుపుల పెడల్ తొక్కితే కాలు మెత్తగ లోపలికి పోయింది. రోటీల కోసం నానబెట్టిన పిండిల కాలు పెట్టినట్టు. కారు మాత్రం ఆగలేదు.

మూడు నాలుగు సార్లు గబగబా తొక్కిన. ఇంత పట్టినట్టే పట్టి జారింది. సెకండ్ గేరుల వేసిన, ఇంజన్ ఒక్కసారి అరిసింది. హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగ లాగి, కొండ వైపు మట్టిల దింపి ఆపిన. లారీకి, మాకు నడుమ ఎంత జాగ ఉండెనో ఇప్పటికీ సరిగ్గ చెప్పలేను.

"క్యా హువా జీ?" అన్నది మా ఆమె.

"కుచ్ నై, జర చాయ్ పీతే" అన్న. ఆడ చాయ్ దుకాణం లేదు. ఫ్లాస్కుల కూడా చాయ్ లేదు.

అరగంట ఆగి మళ్ళ తొక్కి చూస్తే పెడల్ రాయి లెక్క గట్టిగ ఉన్నది. ఏమీ కానట్టే. నిజం చెప్తున్న, నాకు నా మీదనే షక్ వచ్చింది. కాలు జారిందేమో, భయపడ్డనేమో అనుకున్న. అయినా నిర్మల్ దాకా సెకండ్ గేరులనే దిగినం. ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండయింది.

తెల్లారి నాష్తా కాడ అబ్బాతోని చెప్పిన. మా అబ్బా పాత మిస్త్రీ. పదమూడేండ్లకు నిజామాబాద్‌ల ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గ చేరి లారీలు, జీపులు చేసిండు. తర్వాత సౌదీ పోయి దమ్మాంల గ్యారేజీల పద్నాలుగేండ్లు. వచ్చినంక ఎల్లారెడ్డిల షెడ్డు పెట్టుకున్నడు. కండ్లల్ల మసక వచ్చినంక షెడ్డు మూసిండు. ఇప్పుడు డెబ్బై రెండు. షుగర్. మాట తక్కువ. నేను రిపోర్టరయ్యి ఇరవై ఏండ్లయినా ఆయన నా పనిని ఒక పని లెక్క చూసింది లేదు. నేను కూడా ఆయన పని చూసి చిన్నప్పుడు సిగ్గుపడ్డోన్నే, అది దాచుకునేది ఏమున్నది. దోస్తులతోని బడి నుంచి వచ్చేటప్పుడు షెడ్డు ముందట నుంచి రాకుంట వెనక గల్లీల నుంచి వచ్చేటోన్ని.

మొత్తం విన్నడు. అరగంట ఆగితే మళ్ళ గట్టిపడ్డదంటే తల ఊపిండు. తర్వాత ఒక్కటే అడిగిండు.

"తేల్ కబ్ బదలే?"

ఏ తేల్ అన్న. ఇంజన్ ఆయిలైతే సర్వీసులల్ల మారుస్తనే ఉన్నరు.

"బ్రేక్ కా తేల్."

కారు 2011 మోడల్ ఆల్టో. సెకండ్ హ్యాండ్ల కొని ఆరేండ్లు. బ్రేక్ ఆయిల్ తక్కువైతే పోస్తరని తెలుసుగాని, మారుస్తరని నాకు తెలవనే తెలవదు. అమ్మినోడు కూడా మార్పించిండో లేదో. అంటే ఎనిమిదేండ్లో, పదేండ్లో, కారు పుట్టినప్పటిదో. రెండేండ్లకోసారి మార్చాలెనని కారుతోని ఇచ్చే పుస్తకాలల్ల రాసే ఉంటది. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరల పాలిథిన్ కవరుల అట్లనే ఉన్నది.

అబ్బా గట్టిగ ఏమనలేదు. "నవాబ్ సాబ్ అఖ్బార్ మే లిఖ్తే, కితాబ్ నై పఢ్తే" అన్నడు, అంతే.

సంగతి ఏందంటే, బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. పెట్రోలు నుంచి తీసే నూనె కాదది. మన కార్లల్ల పోసేది గ్లైకాల్ జాతిది, నీళ్ళను గుంజుకునే గుణం దానిది. డబ్బా మూతకుండే చిన్న రంధ్రం నుంచి, రబ్బరు పైపుల నుంచి గాలిల తేమను పట్టుకుంటనే ఉంటది. మనం కారు నడిపినా, నడపకున్నా. అబ్బా మాటల్ల చెప్పాలంటే "ప్యాసా తేల్ హై". డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటది, అమెరికా రవాణా శాఖ పెట్టిన లెక్క అది. డాట్ 3 కొత్తగ ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగొద్దు. డాట్ 4 అయితే 230. అదే ఆయిల్ల 3.7 శాతం నీళ్ళు చేరితే డాట్ 3 హద్దు 140కి, డాట్ 4 హద్దు 155కి దిగిపోతది. ఘాట్ మీద ఆగకుంట బ్రేకులు రాపాడితే ఆ వేడి రావడం పెద్ద ముచ్చట కాదు. అప్పుడు పైపుల ఆవిరి పుడతది. ద్రవాన్ని నొక్కితే అది ముందుకు తోస్తది. ఆవిరిని నొక్కితే అదే నలిగి ఊకుంటది. మన కాలి జోర్ చక్రం దాకా పోదు. చల్లారితే ఆవిరి మళ్ళ నీళ్ళయితది, పెడల్ గట్టిపడతది, మనం కాలు జారిందేమో అనుకుంటం.

ఉర్దూ మీడియంల ఎనిమిదో జమాత్‌ల పాస్కల్ కా కానూన్ చదివిన. దాంట్ల ప్రెషర్‌కు దబావ్ అని ఉండె. డిగ్రీల తెలుగు తీసుకున్నంక అదే మాటకు పీడనం అంటరని తెలిసింది. అప్పటికే కవిత్వం చదివి పీడన అంటే దొరల జులుం అనే అర్థం మనసుల కూసున్నది. సైన్సు పుస్తకంల నీళ్ళకు పీడనం ఏందని నవ్వుకున్న. రెండు జబాన్లల్ల చదివిన గని, ఈ కానూన్ నా కాలి కింద రోజూ పని చేస్తున్నదని ఏ జబాన్లనూ ఆలోచించలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలె. ఇరవై ఏండ్లల్ల "బ్రేకులు ఫెయిల్ కావడంతో అదుపుతప్పి" అని ఎన్నిసార్లు రాసిన్నో లెక్కలేదు. ఆటో పల్టీ కొట్టినా, ట్రాక్టర్ చెరువుల పడ్డా అదే వాక్యం. ఎస్సై ఫోన్ల చెప్తడు, మనం రాస్తం, డెస్కుల హెడ్డింగ్ పెడ్తరు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ల ఆర్టీసీ బస్సు లోయల పడి అరవై మందికి పైగా పోయిన్రు. పట్టేదానికన్న ఎక్కువ జనం ఉండిరి ఆ బస్సుల. బ్రేకుల మాట అప్పుడు కూడా ఊరూరా వినపడ్డది. నేను ఆ రోజు మా ఎడిషన్‌కు ఫోన్ల మీద సమాచారం తీసుకుంట కూసున్న. బ్రేకు ఫెయిలయింది అంటే లోపల ఏమయితది అని ఒక్క మనిషిని కూడా అడగలేదు. అదేదో ఆస్మాన్ నుంచి పడ్డ పిడుగు లెక్క, ఎవ్వరి ప్రమేయం లేనట్టు రాసుకుంట పోయినం.

ఆదివారం చేద్దామన్నడు అబ్బా. మిస్త్రీ దగ్గర చేపిద్దామంటే వద్దన్నడు. "తూ కర్. మై బోల్తా."

దుకాణంకు పోతే ఆయన తెరిసి వాడిన డబ్బాల నుంచి సగం పోసిస్తనన్నడు, పైసలు తక్కువైతయని. అబ్బా ముందే చెప్పి పంపిండు: సీల్ ఉన్న డబ్బానే, తెరిసింది హరాం అనుకో అని. తెరిసిన డబ్బా అరల కూసొని నీళ్ళు తాగుతనే ఉంటది గదా. మా కారు మూత మీద ఏ డాట్ రాసుంటే అదే తెచ్చిన, అర లీటరువి రెండు. డాట్ 3ల డాట్ 4 కలిసినా నడుస్తది గని, డాట్ 5 అని ఉండేది సిలికాన్, దాన్ని దీంట్ల కలపొద్దు. పేర్లు దగ్గర దగ్గరుంటయ్, జర చూసుకోండ్రి.

స్టోరు గదిల నుంచి అబ్బా సందూక్ బయటికి వచ్చింది. పానాలు కిరోసిన్ బట్టల చుట్టిపెట్టి ఉన్నయ్, ఒక్కదానికి జంగు లేదు. రింగ్ పానా తియ్యమన్నడు. ఫిక్స్ పానా పెడితే నిపిల్ మూలలు అరిగిపోతయట, అరిగితే ఇగ అది రాదట. మెడికల్ షాపుల పెద్ద సిరంజి, చేపల తొట్టికి వాడే సన్నటి పారదర్శక పైపు, ఒక ఖాళీ సీసా తెచ్చుకున్న. ముందు రోజు రాత్రే నాలుగు నిపిళ్ళ మీద జంగు వదిలే ఆయిల్ కొట్టించిండు.

వాకిట్ల చదునుగ ఉన్న కాడ కారు పెట్టి, కింద చక్రాలకు రాళ్ళు పెట్టి, జాక్ మీద లేపి, విప్పిన చక్రాన్ని కారు కిందికి తోపిచ్చిండు. జాక్ జారినా కారు చక్రం మీద కూసుంటది, మన మీద కాదు. తర్వాత సిరంజితోని పైన డబ్బాల ఉన్న పాత ఆయిల్ గుంజిన. సీసాల పోస్తే అచ్చం సులేమానీ చాయ్ రంగు. కొత్తది పక్కన పెట్టి చూస్తే తేనె కలిపిన నీళ్ళంత తేటగ ఉన్నది. కొత్తది నింపుతుంటే రెండు చుక్కలు బానెట్ అంచుకు పడ్డయ్. "పానీ, పానీ!" అని అబ్బా కేక వేసిండు. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేస్తది. నీళ్ళల్ల కలిసే గుణం కాబట్టి వెంటనే నీళ్ళు పోస్తే పోతది. ఆయన కండ్లకు మసక అంటరు గని ఆ రెండు చుక్కలు ఎట్ల కనపడ్డయో.

ఇది ఇద్దరు చేసే పని. ఒకరు పెడల్ కాడ, ఒకరు చక్రం కాడ. అబ్బా పెడల్ కాడ కూసున్నడు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టిచ్చిండు. పాత కార్లల్ల పెడల్ రోజూ సగం దాకనే పోతది, మాస్టర్ సిలిండర్ల ఆ కింది భాగం ఎన్నడూ రాపిడి లేక గరుకు పట్టి ఉంటది. ఒక్కసారి అడుగుదాకా తొక్కితే లోపలి రబ్బరు కప్పులు కోసుకుపోతయట. ఈ ఒక్క చెక్క ముక్క ముచ్చట నాకు ఎవ్వరూ చెప్పకపోదురు.

మొదటి చక్రం వెనక ఎడమది. "సబ్ సే దూర్ వాలా పహెలే." మన కార్లకు మాస్టర్ సిలిండర్ డ్రైవర్ వైపు, కుడికి ఉంటది గదా, వెనక ఎడమ చక్రమే దానికి దూరం. కొన్ని కార్లకు కంపెనీలు వేరే వరుస చెప్తయ్, పుస్తకం తెరిసి చూసుకోవాలె. నేనైతే ఆ రోజు పాలిథిన్ కవర్ చింపిన.

నేను దబావో అంటే అబ్బా తొక్కాలె. తొక్కి పట్టుకున్నంక నేను నిపిల్ ఇంత వదులు చెయ్యాలె. పైపుల నుంచి పాత ఆయిల్ వస్తది, పెడల్ కిందికి దిగుతది. నేను నిపిల్ బిగించి చెప్పినంకనే ఆయన కాలు తియ్యాలె. ముందు కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతది, చేసిందంత బేకార్. రెండుసార్లు నేను బిగించక ముందే పెడల్ పైకి లేచింది. పైపుల బుడగలు కనపడ్డయ్. మూడోసారి కూడా అయ్యేసరికి నేను లేచి నిలబడి "అబ్బా, పకడ్కే రఖో నా" అని జర గట్టిగనే అన్న.

ఆయన తలుపు పట్టుకొని మెల్లగ దిగిండు. చెప్పు తొడుక్కోడానికి కిందికి చూసి, పాదం ఎక్కడ పెడుతున్నడో కండ్లతోని చూసుకుంట పెట్టిండు.

"పావ్ మే మాలూమ్ నై హోరా" అన్నడు. షుగర్‌తోని పాదాలకు స్పర్శ పోయిందట. ఎప్పటి నుంచి అంటే ఏడాది దాటిందట. పెడల్ తన కాలి కింద ఉన్నదో, లేచిందో తెలుస్తలేదన్నడు. లారీ ఇంజన్ శబ్దం విని ఏ సిలిండర్ కొడ్తలేదో చెప్పే మనిషి. ఏడాది నుంచి ఒక్కరికి చెప్పలేదు. నేను కూడా అడగలేదు.

అప్పుడు మా పెద్ద బిడ్డ వచ్చింది, పదో తరగతి. దాదా, నేను తొక్కుతా అన్నది. ఆయన కుర్చీ వేసుకొని నడుమ కూసున్నడు. పని ఆయన చేతికి పోయింది. "దబా బేటీ... ధీరే. పకడ్. ఖోల్ రే... బంద్. ఛోడ్." దానికి ఉర్దూ రాయడం, చదవడం రాదు, ఇంగ్లీష్ మీడియం. ఈ నాలుగు మాటలు మాత్రం పొద్దు తిరిగేసరికి నాకన్న బాగ పట్టుకున్నది. ప్రతి ఐదారుసార్లకు నేను లేచి పైన డబ్బా నింపాలె. అది ఖాళీ అయితే గాలి గుంజుకుంటది, కథ మళ్ళ మొదటికి.

ఎడమ వెనకది తేటపడేసరికి ఇరవై సార్లు తొక్కాల్సి వచ్చింది. కుడి వెనక నిపిల్ కదలలేదు. జోర్ పెట్టబోతే చెయ్యి పట్టిండు. సుత్తితోని చుట్టూ చిన్నగ తట్టిచ్చి, మళ్ళ ఆయిల్ కొట్టిచ్చి, అరగంట ఆగమన్నడు. ఆ అరగంటల చాయ్ వచ్చింది. బిడ్డ ఫోన్ చూసి చెప్పింది: అమెరికాల మాల్కమ్ లాక్‌హీడ్ అనేటాయన 1917ల ఈ ద్రవంతోని నడిచే బ్రేకుకు పేటెంట్ తీసుకున్నడట. మొదట్ల బ్రేక్ ఆయిల్ అంటే ఆముదం, దాంట్ల ఆల్కహాల్ కలిపేటోళ్ళట. ఆముదం రబ్బరును పాడు చెయ్యదు గనుక. "దాదా, మన ఆముదం!" అన్నది.

అబ్బా నవ్విండు. ఒక డ్రైవర్ తొందరల బ్రేక్ డబ్బాల ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులన్నీ ఉబ్బి బ్రేకులు పట్టుకపోయిన సంగతి చెప్పిండు. ఇంకొక ముచ్చట మొదలుపెట్టి ఆగిండు. బిడ్డ కప్పులు తీసుకొని లోపలికి పోయినంక చెప్పిండు.

నిజామాబాద్‌ల ఉస్తాద్‌కు పాత తేల్ పారబోయడం ఇష్టముండకపోయేదట. బండి నుంచి గుంజింది సీసాల పోసి రెండు రోజులు పెడ్తే మురికి కిందికి దిగేది, పైన సాఫ్ కనపడేది. దాన్నే ఇంకో బండికి పోసేటోళ్ళు. మురికి దిగుతది గని పానీ దిగదు గదా, అది దాంట్లనే కలిసిపోయి ఉంటది. అది అప్పుడు షాగిర్దులకు తెలవదు. ఉస్తాద్‌కు తెలుసునో లేదో అల్లాకే తెలవాలె. ఒక జీపుకు అబ్బా తన చేతులతోని ఆ సీసా నుంచి పోసిండు. నాలుగైదు రోజులకు ఆ జీపు ఒక దిగుట్ల ఆగక పోయి వంతెన గోడకు గుద్దింది. ఇద్దరు పోయిన్రు.

"అఖ్బార్ మే ఆయా. బ్రేక్ ఫెయిల్ బోల్కే." హోటల్ల ఎవరో చదివి వినిపించిన్రట. ఉస్తాద్ కూడా అదే అన్నడట. ఎవ్వరూ గ్యారేజీ దాకా రాలేదు.

ఆ తేల్ వల్లనే అయిందని యకీన్ లేదన్నడు. ఇంకేమైనా విరిగిందేమో, డ్రైవర్ తాగి ఉన్నడేమో. "లేకిన్ డాలా తో మై ఈచ్" అన్నడు. పోసింది నేనే గదా అని.

ఏమనాలెనో నాకు తోచలేదు. చిన్నప్పుడు షెడ్డుల బ్రేక్ పనికి వచ్చిన బండ్ల పాత ఆయిల్ ఎవ్వరికీ ఇయ్యకుంట ఒక డ్రమ్ముల పోసి, ఇంజన్ ఆయిల్ కలిపి ఖరాబ్ చేసి పెట్టేటోడు. పిసినారి పని లెక్క కనపడేది నాకు. మళ్ళ వాడకుంట చేస్తున్నడని అప్పుడు ఎవరికి తెలుసు.

"పానా లే" అన్నడు. ఈసారి కుడి వెనక నిపిల్ చిన్న కిర్రుమని తిరిగింది.

ముందు చక్రాలు తొందరగనే అయినయ్. చివరికి నాలుగు నిపిళ్ళు తడి లేకుంట తుడిచి, ఒక్కొక్కటి వేలు పెట్టి చూసిన. చక్రాల నట్లు రెండోసారి బిగించిన. పాత ఆయిల్ నాలాల పొయ్యనియ్యలేదు. విషం అది, మేకో కుక్కో నాకుతది. సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందకుంట పెట్టి, తెల్లారి వేస్టాయిల్ కొనేటోనికి ఇచ్చిన.

చదివి మీరు కూడా రేపే పానా పట్టుకోమని నేను అంటలేను. ఏబీఎస్ ఉన్న కార్లల్ల, 2019 ఏప్రిల్ నుంచి వచ్చేవన్నీ అట్లాంటివే, లోపల గాలి చేరితే కొన్నింటికి కంప్యూటర్ పెట్టి తీయాల్సి వస్తది. చేతకాకపోతే మిస్త్రీ దగ్గరికే పోండ్రి. కాకపోతే పక్కన నిలబడి, సీల్ డబ్బా మీ ముందట తెరిపించి చేపించుకోండ్రి. సర్వీస్ బిల్లుల "బ్రేక్ ఆయిల్" అని రాసి ఉంటే మార్చిన్రా, పైన ఇంత పోసిన్రా అని అడుగుండ్రి. అడిగితే తప్పేమీ కాదు.

ఇంజన్ స్టార్ట్ చేసి తొక్కితే పెడల్ పైననే ఆగింది. నిలబడ్డ చోట పావుగంట అట్లనే తొక్కి పట్టుకొమ్మన్నడు, దిగుతదేమోనని. దిగలేదు. అప్పుడు నిజాంసాగర్ దిక్కు ఖాళీ రోడ్డు మీదికి పోయినం. ఆయన పక్క సీటుల, చెయ్యి పైన పట్టి. ఇరవై స్పీడ్ మీద ఆపమన్నడు, ఆగింది. నలభై మీద. ఆగింది. పక్కకు గుంజుతున్నదా అన్నడు. లేదన్న.

"ఔర్ ఏక్ బార్" అన్నడు.

ఆపిన. ఎదురుంగ వస్తున్న ట్రాక్టర్ ఆయన మమ్ముల వింతగ చూసుకుంట పోయిండు.

"ఔర్ ఏక్ బార్."

అట్ల ఎన్నిసార్లు ఆపిన్నో. ఊర్ల నుంచి అసర్ అజాన్ వినపడ్డంక గాని ఇంటికి తిప్పుమనలేదు. తొవ్వల రేపు దవాఖానకు పోదామా, పాదాలు చూపిద్దామని అడిగిన. కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు. ఇల్లు వచ్చినంక, దిగేటప్పుడు, కిందికి చూసి పాదం పెట్టుకుంట అన్నడు: "కిత్తే బజే?"